రెండు టూర్ల నడుమ 34 రోజులు

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్‌లో సైకిల్ తొక్కేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుభవం అవుతుంది. మొనాకో వైపు వెళ్లే సముద్రం రోడ్డు మీద మన ముందు ఒక ప్రొఫెషనల్ రైడర్ పోతుంటాడు. టీమ్ జెర్సీ, నరాలు తేలిన పిక్కలు, మన రెండు మూడు నెలల జీతం పెట్టినా రాని సైకిల్. కాస్త గట్టిగా తొక్కితే అతన్ని దాటేస్తాం. అతను తల తిప్పి "బోన్‌జూర్" అని మళ్లీ తన దారిన తాను పోతాడు. కాళ్లు చకచకా తిరుగుతుంటాయి గానీ పెడల్ మీద బరువు ఉండదు. ఆ రోజు కోచ్ అతనికి అప్పగించిన పని నెమ్మదిగా వెళ్లడం. ఎవరు దాటిపోయినా వేగం పెంచకూడదు. మాలాంటివాళ్లకి ఆ నిగ్రహం ఎంత కష్టమో నాకు ఇక్కడ పనిచేస్తుంటేనే తెలిసింది.

నేను సోఫియా ఆంటిపోలిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. నీస్‌కి పడమరన, ఆంటీబ్ దగ్గర పైన్ చెట్ల మధ్య కట్టిన టెక్నాలజీ పార్కు అది. మన తెలుగువాళ్లం బాగానే ఉన్నాం. మా టీమ్ చూసేది విమానాల బుకింగ్ సాఫ్ట్‌వేర్. వేసవి రద్దీకి ముందు ఒక పెద్ద రిలీజు, సెప్టెంబరులో ఇంకోటి. మొదటిది బయటికి వెళ్లిందో లేదో రెండోదానికి మీటింగులు మొదలైపోతాయి. 2024 జూన్‌లో మేం ఆ రెంటి మధ్య ఉన్నాం. అదే జూన్‌లో మా ఇంటికి కారులో రెండు గంటల లోపు దూరంలో ఉన్న కొండ మీద స్లొవేనియా సైకిల్ రేసర్ తదేయ్ పొగాచర్ కూడా తన రెండు రేసుల మధ్య ఉన్నాడు. అందుకే ఆ ఏడాది అతని సంగతి నాకు ఉత్త ఆటల వార్తలా అనిపించలేదు.

ఇటలీలో జరిగే జిరో, ఫ్రాన్స్‌లో జరిగే టూర్, స్పెయిన్‌లో జరిగే వుయెల్తా. మూడేసి వారాలు సాగే ఈ మూడు సైకిల్ రేసుల్నీ గ్రాండ్ టూర్లంటారు. ఒక్కోదానిలో రోజుకొకటి చొప్పున 21 స్టేజీలు, మధ్యలో మామూలుగా రెండే రెండు విశ్రాంతి రోజులు. మొత్తం దూరం అటూ ఇటూగా 3,400 కిలోమీటర్లు. ఒకే ఏడాది జిరో, టూర్ రెండూ గెలవడం 1998లో ఇటలీ రేసర్ పంతానీ తర్వాత 2024 దాకా ఎవరివల్లా కాలేదు. కొంతాదోర్ 2015లో జిరో గెలిచి టూర్‌లో ఐదో స్థానానికి పడిపోయాడు. 2017లో కింతానా జిరోలో రెండోవాడు, టూర్‌లో 12వవాడు. 2018లో ఫ్రూమ్ జిరో గెలిచి, టూర్‌లో మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. వీళ్లెవరూ సామాన్యులు కారు. మేలో ఒంట్లోంచి తీసినది జూలైకల్లా తిరిగి రాలేదు, అంతే.

పొగాచర్ 2024 మే 26న రోమ్‌లో జిరో ముగించాడు. ఆరు స్టేజీల్లో గెలుపు, మొత్తమ్మీద రెండోవాడి మీద 9 నిమిషాల 56 సెకన్ల ఆధిక్యం. టూర్ జూన్ 29న ఫ్లోరెన్స్‌లో మొదలు. మధ్యలో 34 రోజులు.

మూడు వారాల రేసు తర్వాత ఒంట్లో ఏం జరుగుతుందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. కాళ్లనొప్పులు అందులో చిన్న భాగం. గుండె వేగం పైకి లేవడం మానేస్తుంది. మొదటి వారంలో కొండెక్కేటప్పుడు ఎంత వేగంగా కొట్టుకుందో, మూడో వారంలో అంతే కష్టపడినా అంత వేగం అందుకోదు. రక్తంలో ద్రవం పెరిగి హిమోగ్లోబిన్ పలచబడుతుంది. రాత్రి ఒళ్లంతా వేడిగా ఉండి నిద్ర పట్టదు. కొండల రోజుల్లో ఆరు వేల కేలరీల పైన తినాలి. ఆకలి చచ్చిపోయినా పొద్దున్నే ప్లేటు నిండా అన్నం, పాస్తా బలవంతంగా మింగాలి. చిన్న జలుబు కూడా తేలిగ్గా అంటుకుంటుంది.

ఇక ఆ 34 రోజుల లెక్క మరీ సున్నితమైనది. ఎక్కువ రోజులు పడుకుంటే ఫామ్ పోతుంది. తొందరపడి మొదలుపెడితే పాత అలసట మీదే కొత్త అలసట పేరుకుంటుంది. అందుకని మామూలుగా మొదటి రోజులు దాదాపు ఖాళీ. తర్వాత ఎత్తైన చోట మకాం. పొగాచర్ ఎంచుకున్నది మా నీస్ వెనకున్న ఇసోలా 2000. సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న స్కీ ఊరు. తీనే లోయ వెంబడి వెళ్లి, ఇసోలా పల్లె దగ్గర మలుపు తిరిగితే అక్కణ్ణుంచి 16 కిలోమీటర్లు ఏకబిగిన ఎక్కుడే. ఆ ఎత్తున గాలిలో ప్రాణవాయువు తక్కువగా అందుతుంది కాబట్టి శరీరం ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. అందుకు రెండు మూడు వారాలు పడుతుంది. శ్రమ పడ్డ రోజున ఒళ్లు బలపడదు. పొయ్యి మీంచి దింపిన అన్నం మూత తీయకుండా వదిలేస్తేనే ఉమ్మగిలినట్టు, బలం ఆ తర్వాతి విశ్రాంతిలో వస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. ఈ 34 రోజుల సన్నాహం అసలు చలికాలంలోనే మొదలైంది. జిరోకి ముందు ఆ ఏడాది అతను రేసు చేసింది పది రోజులే. స్త్రాదే బియాంకే, మిలాన్-సాన్ రేమో, ఏడు రోజుల కతలూన్యా, లియేజ్. ఫామ్‌లో ఉన్న ఛాంపియన్‌ని రమ్మని పిలవని రేసు ఉండదు. మిగతావాటికి రానని ముందే చెప్పేశారు. జూలైలో మిగలాల్సిన శక్తిని మార్చిలోనే పక్కన పెట్టారు. అతని కోచ్ జావియర్ సోలా, డాక్టర్లు, మసాజ్ చేసేవాళ్లు, వంటవాళ్లు, అందరి పనీ ఆ శక్తిని కాపాడటమే. అయినా అంతా అనుకున్నట్టు జరగలేదు. టూర్‌కి పది రోజుల ముందు కోవిడ్ వచ్చింది. తేలిగ్గానే పోయింది కాబట్టి సరిపోయింది.

మా సంగతి వేరు. ఫ్రాన్స్‌లో చట్టప్రకారం ఏడాదికి ఐదు వారాల సెలవు. ఆగస్టు వస్తే ఆఫీసు సగం ఖాళీ. ఫ్రెంచివాళ్లు ఫోను కట్టేసి సముద్రానికో, పల్లెలో అమ్మమ్మ ఇంటికో వెళ్లిపోతారు. పని వేళలు దాటాక మెయిలు పట్టించుకోకుండా ఉండే హక్కుకి 2017 నుంచి ఇక్కడ చట్టం కూడా ఉంది. మరి ఆ ఆగస్టులో, ఏ వేళ ఏది ఆగిపోయినా పలకాల్సిన ఆన్‌కాల్ డ్యూటీ ఎవరు చూస్తారు? మనవాళ్లే. ఎవరూ బలవంతపెట్టరు, మేమే చెయ్యెత్తుతాం. ఉన్న సెలవంతా డిసెంబరు, జనవరిలో ఇండియా ప్రయాణానికి దాచుకుంటాం కదా. కొత్తగా వచ్చినవాళ్లకి ఇంకో భయం కూడా ఉంటుంది. నివాస కార్డు ఉద్యోగంతో ముడిపడి ఉన్నప్పుడు 'నా వల్ల కాదు' అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

ఆ దాచుకున్న సెలవు ఎలా గడుస్తుందో ఇక్కడున్న ప్రతి తెలుగు ఇంట్లో తెలుసు. శంషాబాద్‌లో తెల్లవారుజామున దిగి, అటునుంచి అటే కారులో గుంటూరు. మధ్యాహ్నానికి చుట్టాలు. మర్నాడు ఆధార్ పని, బ్యాంకులో కేవైసీ, పళ్ల డాక్టరు, పొలం కాగితాలు. రెండు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం, పోయినవాళ్ల ఇళ్లకి పలకరింపులు. అందరికీ నేను దొరికేది ఆ కొన్ని రోజుల్లోనే. ఎవరింటికి వెళ్లకపోయినా బాధే, వాళ్లకీ నాకూ. ఒకసారి మా పెద్దత్తయ్య గడపలోనే నన్ను నిలబెట్టి మొహం ఎగాదిగా చూసింది. "ఏరా, సెలవుకొచ్చావా, డ్యూటీకొచ్చావా? కళ్లు చూడు ఎలా గుంటలు పడ్డాయో" అంటూ మంచం వాల్చి, పడుకోమంది. ఆ మధ్యాహ్నం పోయిన నిద్ర ఇప్పటికీ గుర్తుంది. తిరిగొచ్చింది ఆదివారం రాత్రి. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి మీటింగు.

ఆ ఏడాది టూర్ 19వ స్టేజీ ఎంబ్రన్ నుంచి ఇసోలా 2000 దాకా. జూలై 19, శుక్రవారం. దానికి లీవు పెట్టుకుని ముందురోజు రాత్రే పులిహోర కలిపి పెట్టుకున్నాను. పొద్దున్నే ఫోను మోగింది. ప్రపంచమంతటా కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయిన రోజు అది. విమానాశ్రయాల్లో చెక్-ఇన్ కౌంటర్ల ముందు జనం బారులు తీరిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. మా క్లయింట్లు ఆ కౌంటర్ల వెనక ఉన్నవాళ్లే. కొండకి వెళ్లాల్సినవాణ్ణి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పులిహోర డబ్బా పక్కనే పెట్టుకుని, ఒక కాల్‌కీ ఇంకో కాల్‌కీ మధ్య ఫోన్లో రేసు చూశాను.

2,802 మీటర్ల బోనెట్ ఎక్కి దిగాక ఆఖరి కొండ. శిఖరానికి ఇంకా తొమ్మిది కిలోమీటర్లు ఉందనగా పొగాచర్ విడిపోయాడు. ముందు ఒంటరిగా పోతున్న మాటియో జోర్గెన్సన్‌ని చివరి రెండు కిలోమీటర్లలో అందుకున్నాడు. అతని ప్రధాన ప్రత్యర్థి వింగెగార్డ్ 1 నిమిషం 42 సెకన్లు వెనకబడ్డాడు. జూన్‌లో మకాం పెట్టి, ఎక్కి దిగిన రోడ్డు అది. ఏ మలుపు ఎలా ఉంటుందో కాళ్లకే తెలుసు.

ఒలింపిక్స్ కారణంగా ఆ ఏడాది టూర్ పారిస్‌లో కాకుండా మా ఊళ్లో ముగిసింది. ఆదివారం మొనాకో నుంచి నీస్‌కి 33.7 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే విడిగా బయల్దేరి గడియారంతో పోటీ పడటం. ఎజ్ కొండ దిగేచోట కంచె పట్టుకుని గంటల తరబడి నిలబడ్డాను. ముందుగా వచ్చింది వెనక స్థానాలవాళ్లు. బుగ్గలు లోపలికి పోయాయి, పెదాలు పగిలాయి, చెమట ఆరి జెర్సీ మీద తెల్లటి ఉప్పు చారలు. ఒకతను మలుపులో బ్రేకు వేసేటప్పుడు చేతులు వణకడం నాకు స్పష్టంగా కనిపించింది. అందరికంటే ఆఖర్న, మొదటి స్థానంలో ఉన్నవాడు వేసుకునే పసుపు జెర్సీలో పొగాచర్. అతని మొహంలో అంత పీల్చుకుపోయిన లక్షణమేదీ లేదు. ఆ రోజు కూడా గెలిచాడు. మొత్తమ్మీద 6 నిమిషాల 17 సెకన్ల తేడా, ఇక్కడా ఆరు స్టేజీలు. ఇంత సులువుగా ఎలా సాధ్యమని అడిగేవాళ్లున్నారు. పంతానీ కాలపు డోపింగ్ చరిత్ర తెలిసినవాళ్లు అడగడంలో తప్పు లేదు. నేను కళ్లారా చూసినంతలో, అతను మిగతావాళ్లకంటే ఎక్కువ నిద్రపోయిన మనిషిలా ఉన్నాడు.

ఆ మర్నాడే పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లడం లేదని తెలిసింది. ముఖ్య కారణం అలసట. స్లొవేనియా లాంటి చిన్న దేశానికి ఒలింపిక్ పతకం అంటే మాటలా? అయినా రానన్నాడు. ఆగస్టంతా రేసుల్లేవు. సెప్టెంబరు 29న జ్యూరిక్‌లో గమ్యానికి వంద కిలోమీటర్లు ఉండగా విడిపోయి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2025లో టూర్ చివరి వారం అలసిపోయి కనిపించి, వుయెల్తాకి వెళ్లలేదు. వింగెగార్డ్ వెళ్లాడు. టూర్ ముగిసిన 27 రోజులకే తూరిన్‌లో మొదలుపెట్టి గెలిచి వచ్చాడు. ఎవరి ఒళ్లు ఏం చెబుతుందో వాళ్లు విన్నారు.

ఈ ఏడాది ఆగస్టు ఆన్‌కాల్ జాబితా వచ్చినప్పుడు నా పేరు రాయలేదు. కిందటేడాది చేరిన కడప కుర్రాడు వెంటనే "అన్నా, ఆ వారాలు నేను చూసుకుంటాలే" అన్నాడు. డిసెంబరులో వాళ్ల చెల్లెలి పెళ్లి, అందుకు సెలవు దాచుకుంటున్నాడు. వద్దన్నాను. ఇద్దరం కలిసి మేనేజర్ దగ్గరికి వెళ్లి మాట్లాడాం. ఆమె కేలెండరు తెరిచి, టీమ్‌లో అందరికీ తలా నాలుగు రోజులు పంచింది. పట్టుమని పావుగంట కూడా పట్టలేదు. ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదని ఆమే ఆశ్చర్యపోయింది.