హాఫ్‌టైమ్‌లో మూడు క్లిప్పులు

నిన్నటి ఫుట్‌బాల్ మ్యాచ్ ఇంకా కళ్ల ముందే తిరుగుతోంది. నేను మా టీమ్ వీడియో అనలిస్ట్‌ని. పైన స్టాండ్స్‌లో కూర్చుని, ఆట జరుగుతుండగానే క్లిప్పులు కట్ చేసి, కింద బెంచ్ దగ్గరున్న ట్యాబ్లెట్‌కి పంపడం నా పని.

2018 రష్యా వరల్డ్ కప్‌లో ఫిఫా జట్లకు ట్యాబ్లెట్లు ఇచ్చింది. నియమాలు రాసే ఐఎఫ్‌ఏబీ కూడా అదే ఏడాది, కోచింగ్ కోసం చిన్న పరికరాలు వాడుకోవచ్చంది. అయితే అదే వీడియో పట్టుకుని రిఫరీ మీదకి గొడవకి వెళ్తే కోచ్‌కి రెడ్ కార్డే. ఆ షరతు ఉండాల్సిందే అంటాను.

నిన్న మొదటి సగంలోనే రెండు గోల్స్ తిన్నాం, రెండూ ఎడమ వైపు నుంచే. అందరూ ఆ వైపు డిఫెన్స్ చూసే మా లెఫ్ట్ బ్యాక్ మీదే అరుస్తున్నారు. వైడ్ కెమెరాలో చూస్తే అసలు సంగతి వేరు. మిడ్‌ఫీల్డర్ వెనక్కి రాకపోవడంతో, ఈ కుర్రాడొక్కడే ఇద్దరిని ఆపాల్సి వస్తోంది.

హాఫ్‌టైమ్ పదిహేను నిమిషాలే. "మూడు చాలు, ఎక్కువ వద్దు" అన్నారు కోచ్. కుర్రాడు తల మీద టవల్ వేసుకుని కూర్చున్నాడు. కోచ్ వాడి పక్కనే కూర్చుని, వీడియో ఆపి, ఆ ఖాళీ మీద వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ నీకు తోడు ఎవరూ లేరు, చూశావా?"

వాడు టవల్ తీసి, స్క్రీన్ దగ్గరికి వంగాడు.

2-1తో ఓడిపోయాం. కానీ రెండో సగంలో ఆ వైపు నుంచి ఒక్క గోల్ కూడా రాలేదు. బస్సెక్కే ముందు వాడు నా దగ్గరికొచ్చి అడిగాడు: "అన్నా, ఆ క్లిప్ నా ఫోన్‌కి పంపుతావా?"