నల్లగొండ నుంచి సాగర్ దాకా: ఆరుబయట సైకిళ్ల ఫోటోలు

నల్లగొండ నుంచి నాగార్జునసాగర్‌కు పోయే 565వ నంబరు జాతీయ రహదారి మీద పోయిన వానాకాలంలో తీసిన సైకిళ్ల ఫోటోలను ప్రింట్లు వేయించి, ఏ ఊరి దగ్గర తీసినవి ఆ ఊళ్లోనే ఆరుబయట ప్రదర్శించాలన్న సంకల్పంతో, సంక్రాంతికి కొద్ది రోజుల ముందు మళ్లీ ఆ దారి పట్టాం. ఇద్దరు మిత్రులు గేర్ల సైకిళ్ల మీద ముందు సాగగా, ప్రింట్ల పెట్టెలు, నైలాన్ తాళ్లు, కెమెరా సంచి వేసుకుని నేనూ మా తమ్ముడూ కారులో వెనుక బయలుదేరాం. కనగల్, హాలియా, పెద్దవూర మీదుగా సాగర్ సుమారు 60 కిలోమీటర్లు ఉంటుంది. దూరాలు తొక్కే అలవాటున్న వారికి అది ఒక పూట పని. మేము మాత్రం ఆగుతూ, తీస్తూ, తీసినవి చూపిస్తూ పోవాలనుకున్నాం కనుక తొందర పెట్టుకోలేదు.

సైకిలు ఫోటోలంటే హెల్మెట్లు, బిగుతు దుస్తులు, పోటీ రోజు జెండాలే చాలామందికి గుర్తుకొస్తాయి. వాటి మీద నాకూ ఇష్టం ఉంది. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ముగించాల్సిన బ్రెవే యాత్రల్లో తొక్కేవారిని తెల్లవారుజామున తీయడం నాకు ఎంతో నచ్చిన పని. అయితే ఈ దారిలో సైకిలుకు ఇంకొక జీవితం ఉంది. క్యారియర్‌కు రెండు వైపులా పాల క్యాన్లు వేలాడదీసుకుని వచ్చేవారు, హ్యాండిల్‌కు కల్లు లొట్లు, వెనుక చెట్టెక్కే సాధనాలైన మోకు, ముత్తాదు కట్టుకుని తాటి వనానికి పోయే గీత కార్మికులు, ప్రభుత్వ బడికి జంటలుగా పోయే ఆడపిల్లలు ఇక్కడ ప్రతి ఉదయం కనిపిస్తారు. వీరి ఫోటోలు హైదరాబాదులో ఏ గ్యాలరీలోనో వేలాడితే చూసేవారు వేరు, అందులో ఉన్నవారు వేరు అవుతారు. రోడ్డు మీద తీసిన బొమ్మను ఆ రోడ్డు మీది మనుషులకే, చేత్తో తాకి చూడగలిగే కాగితం రూపంలో చూపించాలన్నది నా కోరిక.

మొదటి మజిలీ పట్టణాన్ని ఆనుకునే ఉన్న పానగల్లు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయాన్ని ముందు దర్శించుకున్నాం. మూడు గర్భగుళ్లున్న ఈ త్రికూటాలయంలో, ఒక గుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పొద్దు ఎటు తిరిగినా చెదరకుండా నిలిచే ఉంటుంది. ఎండ నేరుగా లోపల పడకుండా, పరావర్తనం చెందిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి వస్తుంది కాబట్టే ఆ నీడ అలా నిలుస్తుంది. ఫోటోలు తీసేవాడికైనా, ప్రదర్శించేవాడికైనా ఇంతకు మించిన పాఠశాల లేదని నేను నమ్ముతాను. ఆరుబయట ప్రదర్శనకు ప్రధాన శత్రువు వానకంటే నేరుగా పడే ఎండే. ఎండ పడిన ప్రింటు మీద మెరుపు తప్ప బొమ్మ కనిపించదు, రంగులు కూడా త్వరగా వెలిసిపోతాయి. నీడపట్టున, ఆకాశం నుంచి వచ్చే మెత్తటి వెలుతురులో అదే ప్రింటు నల్లటి భాగాల్లోని వివరంతో సహా నిండుగా కనిపిస్తుంది.

అందుకే పానగల్లులో ఉత్తరం చూసే గోడ కోసం వెతికాం. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే నడుస్తాడు కాబట్టి ఉత్తరపు గోడ మీద పొద్దుటి నుంచి సాయంత్రం వరకు ఎండ పడదు. ఉదయసముద్రం చెరువుకు పోయే దారిలో అలాంటి ఒక పాత ఇంటి గోడ దొరికింది. ఇంటి పెద్దాయన అనుమతి అడిగితే, "గోడకు మేకులు కొట్టకుంటె సాలు బిడ్డా, ఎన్నన్న కట్టుకో" అన్నారు. 12 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు ఉన్న ప్రింట్లను 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు అనే తేలికపాటి ప్లాస్టిక్ నురగ పలక మీద అతికించి, పైన మెరుపు లేని మ్యాట్ లామినేషన్ వేయించాను. రెండు చివర్ల ఉన్న వేప చెట్లకు మధ్య ఒక తాడు పైన, ఇంకొక తాడు కింద బిగించి, ప్రతి ప్రింటునూ నాలుగు మూలలా క్లిప్పులతో పట్టించాం. చెరువు మీది గాలికి, పైన మాత్రమే కట్టిన బోర్డు గిరగిర తిరిగి మూలలు విరుచుకుంటుంది. కింది తాడు ఉంటే ఆ బాధ ఉండదు. ఊరూరా ఉన్న ఫ్లెక్సీ దుకాణాల్లో చవకగా పని అయిపోతుంది గానీ, పెళ్లిళ్లకూ ఎన్నికలకూ అలవాటు పడిన ఆ ముద్రణలో చామనచాయ ముఖాలు అనవసరంగా తెల్లబడి, వెనుక చెట్ల పచ్చదనం కళ్లకు గుచ్చుకుంటుంది. దగ్గర నుంచి ముఖం చూడాల్సిన ఫోటోకు నేను ల్యాబ్ ప్రింటునే ఎంచుకుంటాను.

ప్రింట్లు కట్టడం పూర్తి కాకముందే చెరువు వైపు నుంచి పాలాయన ఒకరు సైకిలు ఆపి దిగారు. ముఖాలను చూడకుండా, చక్రాల వైపు వంగి వరుసగా ఒక్కొక్క బొమ్మనూ పరిశీలించి, ఒక దాని దగ్గర ఆగారు. "ఇగో, గిది మా పెద్దోని సైకిలే. ఎన్క మడ్‌గార్డు ఇరిగితె ఈ తాడు కట్టింది నేనే" అని వేలితో చూపించారు. తీసేటప్పుడు ఆ తాడును నేను గమనించలేదు. సన్నటి నీలి రంగు తాడు, మూడు చుట్లు తిప్పి బిగించిన ముడి, ముడి కొసన కాల్చి అతికించిన నల్లటి చుక్క ప్రింటులో స్పష్టంగా ఉన్నాయి. ఫోను తెర మీద వేలితో తోసేసే బొమ్మలో ఆ ముడిని ఎవరూ చూసి ఉండరు. గోడ మీద నిలిచి ఉన్న కాగితం ముందు మనిషి తనకు కావలసినంత సేపు నిలబడతాడు, తనకు తెలిసినదాన్ని అందులో వెతుక్కుంటాడు. పెట్టెలో ఉన్న చిన్న ప్రింటు ఒకటి తీసి ఆయనకు ఇచ్చాను. ఇంటికి పట్టుకెళ్లడానికి చిన్న ప్రింట్లు వేరుగా వేయించి ఉంచుకోవడం ఈ పనిలో ముఖ్యమని నా అభిప్రాయం.

మరునాడు ఉదయం కనగల్ దాటిన తర్వాత బత్తాయి తోటల పక్కన కొత్త ఫోటోల కోసం ఆగాం. నడుస్తున్న సైకిలును వెంబడిస్తూ తీసే పద్ధతికి ఈ తోటలు చాలా అనుకూలం, ఎందుకంటే వెనుక ఉన్న చెట్ల వరుస ఆకుపచ్చ చారలుగా సాగిపోయి మనిషి ముఖం నిలకడగా మిగులుతుంది. నింపాదిగా పోయే పాల సైకిలుకు సెకనులో 30వ వంతు, వేగంగా పోయే మా మిత్రులకు 60వ వంతు షట్టర్ పెట్టాను. ఫోటో తీయబోయే చోటు వైపు పాదాలు ఉంచి, నడుము పైభాగాన్ని మాత్రమే తిప్పుతూ, సైకిలు రాక ముందు నుంచే దాన్ని అందుకుని, కెమెరా మీట నొక్కిన తర్వాత కూడా కాసేపు వెంబడించాలి. మన దేశంలో సైకిళ్లు ఎడమ పక్కన పోతాయి, చైను మాత్రం సైకిలుకు కుడి వైపు ఉంటుంది. కాబట్టి చైను, పెడల్ కనిపించాలంటే రోడ్డుకు అవతలి అంచున నిలబడాలి. లారీలు అడ్డం వచ్చినా ఓపిక పట్టడమే మంచిది.

కెమెరాను కదపకుండా తీస్తే ఇంకొక అందం ఉంది. చక్రం నేలను తాకే చోట ఆ క్షణానికి కదలిక లేకుండా ఉంటుంది, పై అంచు సైకిలుకు రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. అందువల్ల అలాంటి ఫోటోలో కింది పుల్లలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగినట్టు ఉండి, పై పుల్లలు మసకగా కలిసిపోతాయి. హాలియాలో టీ హోటల్ పక్కన ఈ ఫోటో కట్టినప్పుడు హైస్కూలు పిల్లలు దాని చుట్టూ మూగి, తమ సైకిలును ఆ ఎండలో మెల్లగా నడిపిస్తూ నిజమా కాదా అని పరీక్షించి చూశారు. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసిన ఫోటోల్లో పుల్లలు వంకర తిరిగి కనిపించడం వేరే విషయం. చిత్రాన్ని వరుస వరుసగా చదివేలోపు చక్రం తిరిగిపోవడం దానికి కారణం. ఫ్రాన్సుకు చెందిన ఫోటోగ్రాఫర్ జాక్ ఆంరీ లార్తీగ్ వందేళ్ల కిందట తీసిన పందెపు కారు ఫోటోలో చక్రం కోడిగుడ్డు ఆకారంలో ముందుకు వాలి ఉండడానికి మూలం కూడా ఇలాంటిదే: ఆనాటి షట్టర్ సందు నెమ్మదిగా జరుగుతూ చిత్రాన్ని కొంచెం కొంచెంగా నమోదు చేసేది. సైకిళ్లకు నేను వేగంగా కదిలే నేటి మెకానికల్ షట్టర్‌నే వాడతాను.

పెద్దవూర దాటి సాగర్ చేరేసరికి పొద్దు వాలింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యామును, దాని 26 గేట్లను దూరం నుంచే చూసి, పైలాన్ కాలనీ నుంచి హిల్ కాలనీకి ఎక్కే దారిలో మిత్రులను ఎదురుగా, పొడవైన లెన్సుతో తీశాను. ఎక్కుడులో వేగం తక్కువ కాబట్టి ముఖంలోని శ్రమే అక్కడ ఫోటో అవుతుంది. మరునాడు లాంచీలో నాగార్జునకొండకు పోయి, జలాశయం నింపకముందు తవ్వి తీసిన సున్నపురాతి శిల్పఫలకాలను మ్యూజియంలో చూశాం. బుద్ధుని కథలు చెక్కిన అలాంటి ఫలకాలు ఒకప్పుడు స్తూపాల చుట్టూ, ప్రదక్షిణ చేసేవారు నడుస్తూ చూసేలా ఆరుబయటే ఉండేవి. 2000లో ప్యారిస్‌లోని లక్సంబర్గ్ తోట కంచెకు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ యాన్ ఆర్తుస్ బెర్ట్రాండ్ ఆకాశం నుంచి తీసిన ఫోటోలు వేలాడదీసినప్పుడు లోకమంతా దాన్ని మెచ్చుకుంది. కృష్ణ ఒడ్డున నడిచేవారి కోసం బొమ్మలు నిలిపిన సంప్రదాయం అంతకంటే చాలా పాతది, మనదే అని చెప్పుకోవడానికి నేను సంకోచించను.

తిరుగు ప్రయాణంలో హాలియా టీ హోటల్ యజమాని, ఆడపిల్లల సైకిళ్ల ఫోటోను తన ఉత్తరపు గోడకు శాశ్వతంగా ఉంచమని అడిగారు. ఆ పిల్లల ఇళ్లకు పోయి తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాం. సన్‌బోర్డు ఎండాకాలపు వేడికి వంగిపోతుంది కాబట్టి, అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉండే కాంపోజిట్ షీటు మీద, అతినీలలోహిత కాంతితో సిరాను గట్టిపరిచే యూవీ ముద్రణతో కొత్తది చేయిస్తున్నాను. నా కెమెరా ఫోటో అడ్డంగా 6000 పిక్సెళ్లు ఉంటుంది. అంగుళానికి 150 చొప్పున వేస్తే 40 అంగుళాల వెడల్పు వస్తుంది. రోడ్డు మీద సైకిలు ఆపకుండా పోయేవారికి కూడా ముఖాలు తెలియడానికి అది సరిపోతుంది. జీను మీద కూర్చున్నవారి కంటి ఎత్తుకు దాన్ని బిగిస్తానని ఆయనకు మాట ఇచ్చాను. ఉగాదికి ముందే, ఎండలు ముదరకుండా ఆ పని పూర్తి చేయాలి.