జాకెట్టు లోపలి మూడో కుట్టు

మంగళవారం. రాత్రి పదిన్నర అయింది. అత్తయ్య పడుకున్నారు. పిల్లలు వాళ్ళ గదిలో ఇంకా గుసగుసలాడుకుంటున్నారు. కళ్ళు మూతలు పడుతున్నాయి గానీ, ఇవాళ్టి సంగతి ఇవాళే రాసి పెట్టుకోవాలనిపించింది.

శ్రావణ మాసం దగ్గర పడిందని పొద్దున బీరువాలోంచి మెరూన్ పట్టుచీర తీశాను. పెళ్ళిలో అమ్మ పెట్టిన చీర. పద్దెనిమిదేళ్ళుగా వరలక్ష్మీ వ్రతానికి అదే కడుతున్నాను. జాకెట్టు వేసుకుంటే పై మూడు హుక్కులు పడ్డాయి, కింద రెండు పడలేదు. ఊపిరి బిగబట్టినా అంతే. విప్పి, తిరగేసి చూశాను. కుట్టించినప్పుడు పక్కల్లో నాలుగు వరసల కుట్లు వేశారు, ఒకదాని పక్కన ఒకటి. ఒకటి పెద్దది పుట్టాక విప్పించాను. రెండోది చిన్నోడు బడిలో చేరిన ఏడు. ఇవాళ మూడోది విప్పిస్తే ఇంక ఒక్కటే మిగులుతుంది. దాని పక్కన గుడ్డ లేదు, అంచే.

జాకెట్టుని మడిచి ఆఫీసు బ్యాగులో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

మూడు నెలల కిందటి వరకు పొద్దుటి పని ఎలా ఉండేదో గుర్తొచ్చింది. ఐదున్నరకి లేవగానే టీ, అందులో రెండు చెంచాల పంచదార. బాక్సులు కట్టేటప్పుడు ఇంకో టీ. ఆఫీసులో పదకొండుకి, నాలుగుకి. నాలుగు టీలంటే ఎనిమిది చెంచాల పంచదార. దాన్ని నేనెప్పుడూ తిండి కింద లెక్కే వేయలేదు. ఒకరోజు ఆ ఎనిమిది చెంచాలూ ఒక గిన్నెలో పోసి చూశాను. గిన్నె అడుగంతా నిండి, పైకి చిన్న గుట్టలా వచ్చింది. చిన్నోడు చూసి "పాయసం చేస్తున్నావా అమ్మా?" అన్నాడు. ఆ రోజు నుంచి రోజుకి రెండే టీలు, ఒక్కోదానికి అరచెంచా. మొదటి పది రోజులు తలనొప్పి వచ్చింది. ఇప్పుడు బయట ఎక్కడైనా టీ తాగితే తీపి గొంతు దగ్గర ఆగిపోతోంది.

నిన్న పరగడుపున ఇచ్చిన రక్తం రిపోర్టు మధ్యాహ్నం ఫోన్లోకి వచ్చింది. మూడు నెలల కిందటి మొదటి రిపోర్టు పక్కన పెట్టి చూసుకున్నాను. అప్పుడు ఫాస్టింగ్ షుగర్ 112, ఇప్పుడు 103. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అప్పుడు 6.1, ఇప్పుడు 5.8. రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, 212 నుంచి 161కి దిగాయి. మంచి కొలెస్ట్రాల్ 39 నుంచి 41. అది ఇంకా తక్కువే, ఆడవాళ్ళకి 50 పైన ఉండాలి. బరువు మాత్రం 68 నుంచి 66.4. అంటే ఇంత చేసినా కిలోన్నర చిల్లరే.

ఏ1సీ 5.7 లోపు ఉంటే మామూలు. 5.7 నుంచి 6.4 వరకు షుగర్‌కి ముందు దశ. 6.5 వచ్చిందంటే షుగరే. నడుము చుట్టుకొలత, బీపీ, ఫాస్టింగ్ షుగర్, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్. ఈ ఐదింటిలో మూడు దారి తప్పితే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. మొదటి రిపోర్టప్పుడు బీపీ తప్ప మిగతా నాలుగూ నాకు ఉన్నాయి. అయినా ఆ కాగితం చేతికిచ్చినావిడ "నలభై దాటాక ఇవన్నీ మామూలేనండీ" అంది. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు. మామూలే అనుకునే మా నాన్నగారు పదేళ్ళు షుగర్ మందులు సరిగా వేసుకోలేదు. కాలి వేలు తీసేశాక ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చుని, చెప్పు తొడగడానికి ఎంతసేపు తంటాలు పడేవారో నేను చూశాను.

వయసు వల్ల ఒళ్ళు చేస్తుందని అందరూ అంటారు. నేనూ అదే నమ్మాను. కానీ 2021లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 29 దేశాల్లో పసిపిల్లల నుంచి 95 ఏళ్ళ వాళ్ళ దాకా 6,400 మందికి పైగా ఒంట్లో శక్తి ఎంత ఖర్చవుతోందో కొలిచారు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, ఇరవై నుంచి అరవై ఏళ్ళ వరకు ఆ ఖర్చు దాదాపు నిలకడగానే ఉంది. అరవై దాటాకే మెల్లగా తగ్గడం మొదలైంది. నాకిప్పుడు నలభై రెండు. మరి ఈ పదహారు కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయి?

భోజనాల వేళ బాక్సు ముందు పెట్టుకుని లెక్క వేశాను. పెళ్ళినాడు 52 కిలోలు. పద్దెనిమిదేళ్ళలో పదహారు పెరిగాను. నెలకి 74 గ్రాములు, రోజుకి రెండున్నర గ్రాములు కూడా లేదు. చిన్న చెంచాలో సగం నూనె. ఏ రోజూ నేను అతిగా తిన్నట్టు నాకు గుర్తులేకపోవడంలో ఆశ్చర్యమేముంది? పెళ్ళిభోజనాలూ పండగ బూరెలూ అనుకుంటాం గానీ అవి ఏడాదికి ఎన్నిసార్లు? నా ఒళ్ళు మామూలు మంగళవారాల్లోనే పెరిగింది. పదింటికి కుర్చీలో కూర్చుంటే ఐదున్నరకి లేవడం, ఇంటికొచ్చి ఆకలికి తట్టుకోలేక కారప్పూస డబ్బా తియ్యడం, పిల్లల ట్యూషన్లు అయ్యాక పదింటికి అన్నాలు, పదిన్నరకి పడక.

ఇవాళ ఆఫీసులో గృహప్రవేశం లడ్డూలు పంచారు. సగం తిన్నాను, సగం పక్క సీటు అమ్మాయికి ఇచ్చాను. ఎంత బాగుందో! నెయ్యి వాసన, పంటికి తగిలే పచ్చకర్పూరం. లడ్డూ మీద నాకు కోపం లేదు.

సాయంత్రం మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. మెట్ల కింద చిన్న గది, ఒక మిషను, ఒక ట్యూబులైటు. ఆషాఢంలో మొదలైతే శ్రావణం అయ్యేదాకా ఆవిడకి ఊపిరి సలపదు. నా జాకెట్టు చేతిలోకి తీసుకుని బ్లేడు మొనతో ఒక్కో కుట్టూ తెంపుతూ దారాన్ని లాగింది. కుట్టు ఊడిన చోట సూది రంధ్రాలు వరసగా చీమలబారులా ఉన్నాయి. వాటికి అవతల, ఇన్నాళ్ళూ లోపల దాగిన గుడ్డ వేలెడు వెడల్పున బయటపడింది. ముదురు మెరూన్, కొత్త పట్టు మెరుపు. ఇవతలి గుడ్డ వెలిసిందని దాన్ని చూసేదాకా నాకు తెలియలేదు. ఆవిడ బొటనవేలితో ఆ గీత మీద రుద్ది, "ఇస్త్రీ చేస్తే కనపడదులే అక్కా" అంది.

"ఆ టేపు ఇలా ఇవ్వు, నా పొట్ట కొలత చూడాలి" అన్నాను.

"జాకెట్టుకి పొట్ట కొలత ఎందుకక్కా?"

చెప్పాను. మన దేశపు ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు, మగవాళ్ళకి 90 అని. చీర కుచ్చిళ్ళ దగ్గర కాకుండా కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలని. నాది ముప్ఫై ఐదు వచ్చింది, మూడు నెలల కింద ముప్ఫై ఆరున్నర. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, తలుపు దగ్గరగా వేసి, టేపు తన చుట్టూ తిప్పుకుంది. ముప్ఫై ఎనిమిది. చేతులు చూస్తే పుల్లల్లా ఉంటాయి, ముఖంలో బుగ్గలే లేవు. "నేను లావు కాదు కదక్కా" అంది, నావైపు కాకుండా టేపు వైపు చూస్తూ.

పూణెలో యాజ్ఞిక్ గారని ఒక డాక్టరు ఉన్నారు. ఆయనా, బ్రిటన్‌కి చెందిన యడ్కిన్ అనే మిత్రుడూ పక్కపక్కన నిలబడిన ఫొటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒక్కటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నమే. కానీ ఒంట్లో కొవ్వు యడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. సన్నటి చేతులూ కాళ్ళూ, లోపల పొట్టలో పేరుకున్న కొవ్వు. మన వాళ్ళలో చాలామంది అంతే. ఇవన్నీ ఆవిడకి చెప్పలేదు. "రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటావు?" అని మాత్రం అడిగాను. సీజన్లో పన్నెండు గంటలంది. వాళ్ళమ్మకి షుగరుందట. తను ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోలేదు. "ఎంతవుతుందక్కా?" అని అడిగింది. ముప్ఫై దాటినవాళ్ళకి బీపీ, షుగర్ సర్కారు ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చూస్తారు. ఆ మాట తనకి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదట. నాకు కడుపులో దేవినట్టయింది.

ఇంటికొచ్చేసరికి ఆరున్నర. ఇప్పుడు ఏడున్నరకల్లా అందరం తినేస్తున్నాం. దీనికే ఇంట్లో పెద్ద గొడవైంది. ఐదుగురికి మూడు గ్లాసుల బియ్యం పోసేదాన్ని, ఇప్పుడు రెండు. బదులుగా కూర రెట్టింపు. ఇవాళ బీరకాయ పెసరపప్పు, దొండకాయ వేపుడు. కంచంలో ముందు కూర, పప్పు వడ్డించి, మిగిలిన చోటే అన్నానికి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకుండా చూసుకోమన్నారు. మనవాళ్ళు తినేది 50 నుంచి 70 శాతం. ఆవకాయ కలిపిన అన్నం రెండోసారి వడ్డించుకోని ఇల్లు మనలో ఏదీ? దాన్ని పూర్తిగా మానమంటే నేనూ మానలేను.

అత్తయ్య నా రిపోర్టు చూపించమన్నారు. చదివి వినిపించాను. "రాత్రి ఏడున్నరకి తిన్నావు, పొద్దుటి దాకా పచ్చి మంచినీళ్ళే. మరి పొద్దున రక్తంలో పంచదార ఎక్కడి నుంచి వచ్చిందే అమ్మాయ్?" అన్నారు. ఎంత మంచి ప్రశ్న! మనం నిద్రపోతున్నప్పుడు ఒంటికి కావాల్సిన గ్లూకోజ్‌ని కాలేయమే తయారుచేసి వదులుతుంది. ఇక చాలు అని ఇన్సులిన్ అనే హార్మోన్ చెబితే ఆగాలి. కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఆ మాట దానికి సరిగా వినపడదు. అందుకే ఏమీ తినకపోయినా పొద్దుటికి పెరుగుతుంది. "మీ మావయ్యగారు చెవుడొచ్చాక టీవీ ఎంత పెద్దగా పెట్టేవారో, అలాగా?" అన్నారు. అవునత్తయ్యా అన్నాను. ఇంత తేలిగ్గా నేనే డాక్టరు దగ్గరా వినలేదు.

తిన్నాక ఆయనా నేనూ బీఆర్టీఎస్ బస్సుల రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడిచాం. తిన్న వెంటనే నడక ఎందుకంటే, కదిలే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలో గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. తొడల్లో, పిరుదుల్లో ఉన్నంత పెద్ద కండరాలు ఒంట్లో ఇంకెక్కడ ఉన్నాయి? బరువు తగ్గలేదని బాధగా ఉందన్నాను ఆయనతో. చెప్తూ ఉండగానే చెన్నైలో జరిగిన ఒక అధ్యయనం గుర్తొచ్చింది. 2006లో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం వెల్లడించింది. షుగర్ అంచున ఉన్నవాళ్ళకి తిండి, నడక మార్పిస్తే మూడేళ్ళలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువులు పెద్దగా తగ్గకుండానే. చెప్పగానే నాకే ధైర్యం వచ్చింది.

"నువ్వూ ఒకసారి చూపించుకో" అన్నాను.

"నాకేం, సన్నగానే ఉన్నా కదా" అన్నారు ఆయన. సాయంత్రం విన్న మాటే. చొక్కా కింద ఆయన పొట్ట బోర్లించిన చిన్న గిన్నెలా ఉంటుంది. వీధి దీపం కింద ఆగి, టైలర్ దగ్గర జరిగిందంతా చెప్పాను, ముప్ఫై ఎనిమిది అంగుళాల సంగతితో సహా. ఆయనేమీ మాట్లాడలేదు. ఇంటి గేటు దగ్గరికొచ్చాక, "గురువారం నాకు పర్మిషన్ దొరుకుతుందిలే" అన్నారు.

ఇందాక జాకెట్లావిడకి ఫోన్ చేశాను. మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. గురువారం పొద్దున ఏడున్నరకి మేం ముగ్గురం కలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలని అనుకున్నాం. బుధవారం రాత్రి ఎనిమిదికల్లా తినేసెయ్, పొద్దున మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు, టీ కూడా వద్దు అని చెప్పాను. "టీ కూడానా అక్కా?" అని రెండుసార్లు అడిగింది. రేపు రాత్రి ఇంకోసారి గుర్తు చెయ్యాలి.