అప్‌రైట్ పియానో లైబ్రరీ కొనేముందు ఏం వినాలి

అప్‌రైట్ అంటే తీగలు నిలువుగా ఉండే పియానో. దాని స్వరాల్ని ఒక్కొక్కటిగా రికార్డు చేసి (వీటినే శాంపిళ్లంటారు), కంప్యూటర్లో కీబోర్డుతో వాయించుకునేలా కట్టగట్టి ఇచ్చేదే లైబ్రరీ. డెమో ట్రాకుల్లో ఏ అప్‌రైట్ లైబ్రరీ అయినా బాగానే ఉంటుంది. ఆ లైబ్రరీకి నప్పే స్వరాలే, నప్పే టచ్‌తోనే వాయించి పెడతారు మరి. అందుకే డెమోని, సైజునీ చూసి కొనకండి. సన్నగా వాయించినప్పుడు, వేలు తీసినప్పుడు అది ఎలా పలుకుతుందో విని నిర్ణయించుకోండి.

ముందు సైజు లెక్క. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో ఆడియో సెకనుకు 2,88,000 బైట్లు. 88 మెట్లు, 10 వెలాసిటీ లేయర్లు (వెలాసిటీ అంటే మెట్టుని ఎంత గట్టిగా నొక్కారన్నది, ఒక్కో స్థాయికి ఒక్కో రికార్డింగు), ఒక్కో శాంపిల్ 15 సెకన్లు అనుకుంటే దాదాపు 3.8 జీబీ. రెండు మైక్ పొజిషన్లుంటే 7.6, పైగా రెండు రౌండ్ రాబిన్లు (ఒకే స్వరానికి మార్చిమార్చి మోగే వేర్వేరు రికార్డింగులు) ఉంటే 15 దాటుతుంది. మీరు ఒక్క మైకే వాడేటట్లయితే అందులో సగం డిస్కులో ఊరికే పడి ఉంటుంది. లేయర్లు తక్కువున్నా చక్కగా కలిపిన లైబ్రరీయే నయం.

అది తేల్చుకోవడానికి, ట్రయల్ ఉంటే, డాలో (పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లో) మిడిల్ సి, అంటే కీబోర్డు మధ్యలోని సి స్వరం, ఒక్కటే వరసగా పెట్టి వెలాసిటీని 1 నుంచి 127 దాకా కొద్దికొద్దిగా పెంచుతూ వినండి. ఎక్కడైనా గొంతు ఠక్కున మారితే అక్కడ లేయర్ల అతుకు సరిగా లేదన్నమాట. 20 నుంచి 50 మధ్య మరింత శ్రద్ధగా వినండి, నెమ్మది పాటల్లో వేళ్లు తిరిగేది అక్కడే. తర్వాత అన్ని మెట్లూ వెలాసిటీ 60లో వరసగా వాయించండి. పాత పియానోలో ఒక్కో మెట్టు ఒక్కోలా పలకడం సహజం, అదే దాని అందం కూడా. కానీ పక్కపక్కన ఉన్న మూడు మెట్లలోనూ అదే గరగర వినిపిస్తే, ఒక శాంపిల్‌నే పైకీ కిందకీ సాగదీశారని అర్థం.

ఇక వేలు తీసినప్పటి సంగతి. తీగలు అడ్డంగా ఉండే గ్రాండ్ పియానోలో డ్యాంపర్లు (మోతని ఆపే మెత్తలు) తమ బరువుతో తీగల మీద పడతాయి. అప్‌రైట్‌లో వాటిని స్ప్రింగులు నొక్కుతాయి. ఆ ఆగే తీరు, మెట్టు తిరిగొచ్చే చప్పుడు లేకపోతే అది అప్‌రైట్‌లా అనిపించదు. రిలీజ్ శాంపిళ్లకీ (వేలు తీసినప్పటి రికార్డింగులు), మెట్ల చప్పుడుకీ, పెడల్ చప్పుడుకీ విడివిడిగా నాబ్‌లుండాలి. సోలోలో ముచ్చటగా ఉండే ఆ టకటకలే తబలా, షేకర్ పక్కన తాళాన్ని చెడగొడతాయి. హాఫ్ పెడల్ (పెడల్‌ని సగమే నొక్కే వీలు) ఉందని మురిసిపోయేముందు మీ పెడల్ చూసుకోండి. అది 0, 127 మాత్రమే, అంటే ఆఫ్, ఆన్ మాత్రమే పంపే స్విచ్ రకమైతే ఆ సౌకర్యం మీకు అందదు.

ఫెల్ట్ పియానోల్లో పెద్ద తలనొప్పి హిస్, అంటే వెనక వినిపించే ‘స్స్’ అనే రొద. సుత్తికీ తీగకీ మధ్య గుడ్డ ఉంటుంది కాబట్టి శబ్దం చిన్నది, మైక్ గెయిన్ పెంచి రికార్డు చేస్తారు. ఒక్కో శాంపిల్‌తో పాటు దాని హిస్ కూడా మోగుతుంది. పెడల్ నొక్కి పట్టి పది స్వరాలు కలిపితే అది 10 డెసిబెల్స్ పెరుగుతుంది. దాని మీద కంప్రెసర్ (చిన్న, పెద్ద శబ్దాల తేడా తగ్గించేది) వేస్తే ఇంకా పైకొస్తుంది.

పాతకాలపు గొంతు కావాలంటే నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ద జెంటిల్‌మన్ వినండి, అది 1908 నాటి అప్‌రైట్. శుభ్రంగా, పాప్ మిక్స్‌లో తేలేలా కావాలంటే ఎక్స్‌ఎల్‌ఎన్ ఆడియో మోడరన్ అప్‌రైట్. ఫెల్ట్ గొంతు రుచి చూడ్డానికి స్పిట్‌ఫైర్ ల్యాబ్స్ సాఫ్ట్ పియానో ఉచితమే, మొదట దాంతోనే ఒక పాట చేసి చూడమంటాను. డిస్కులో చోటు లేనివాళ్లకు పియానోటెక్ ఉంది. అందులో శాంపిళ్లుండవు, శబ్దాన్ని అప్పటికప్పుడు లెక్కగట్టి పుట్టిస్తుంది. కాంటాక్ట్ (నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి శాంపిల్ ప్లేయర్ సాఫ్ట్‌వేర్) లైబ్రరీ అయితే ఉచిత ప్లేయర్‌లో నడుస్తుందో, పూర్తి కాంటాక్ట్ కావాలో కొనేముందే చదవండి.

చివరగా మాస్టర్‌ని (మొత్తం పాట బయటికొచ్చే చానెల్) మోనోలో, అంటే ఎడమ కుడి ఒకటిగా కలిపి పెట్టి, బేస్‌తో కలిపి వినండి. మైకులు దూరదూరంగా పెట్టి తీసిన కొన్ని లైబ్రరీలు మోనోలో పల్చబడిపోతాయి. అలాంటప్పుడు ఒక్క మైక్‌నే ఉంచి చూడండి. అప్పటికీ స్వరం నిలబడకపోతే ఆ లైబ్రరీని వదిలేయడమే మంచిది.