పాత స్కాన్ కాగితాలు తెచ్చారా?

నీటికాసుల (గ్లాకోమా) జబ్బుతో మా ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది గదిలోకి రాగానే అడిగేది, "ఈసారి ప్రెషర్ ఎంతుంది?" అని. ఆ అంకె ముఖ్యమైనదే. చుక్కల మందుతో గానీ, లేజర్‌తో గానీ, ఆపరేషన్‌తో గానీ ఈ జబ్బులో మనం తగ్గించగలిగినది కంటిలోని ఆ ఒత్తిడి ఒక్కటే. అయితే ఒత్తిడి మామూలు హద్దుగా చెప్పే 21 దాటని కళ్లలో కూడా, చూపును మెదడుకు చేర్చే నరం దెబ్బతినడం మేము తరచు చూస్తూనే ఉంటాం. మరోవైపు, ఒత్తిడి 24 నుంచి 32 దాకా ఉండి నరం మాత్రం బాగున్న 1,636 మందిని ఎంచుకుని అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం చేశారు. అందులో మందు వేయనివారిలో కూడా అయిదేళ్లలో జబ్బు మొదలైనవారు 9.5 శాతమేనని 2002లో ప్రకటించారు. కాబట్టి జబ్బు ముదురుతోందా, ఉన్నచోటే నిలిచిందా అన్నది తేలాలంటే నరాన్నే చూడాలి, అదీ ఒక్కసారి కాకుండా ఏళ్ల తరబడి చూడాలి. నేను స్కానింగ్ గదిలో పనిచేసే ఆప్టోమెట్రిస్టును కనుక, ఈ చూడడం ఎలా జరుగుతుందో, ఎక్కడ తప్పుతుందో కొంత వివరంగా రాయదలచాను.

కంటి లోపలి తెర అయిన రెటీనా మీద పరుచుకుని, కంటి వెనుక డిస్కు అనే గుండ్రటి చోట ఒక్కటిగా చేరి, అక్కడి నుంచి నరంగా మెదడుకు వెళ్లే తంతువులు ఒక్కో కంటిలో పది లక్షల పైచిలుకు ఉంటాయి. డిస్కు చుట్టూ ఈ తంతువుల పొర సగటు మందం ఆరోగ్యంగా ఉన్న కంటిలో 90 నుంచి 100 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే దాదాపు మామూలు తెల్ల కాగితం మందం. నీటికాసుల్లో పలచబడేది ఈ పొరే. చూపు తగ్గిందని మనిషికి తెలియడానికి చాలా ముందే ఇది పలచబడుతుంది. చనిపోయినవారి కళ్లను పరీక్షించి చేసిన అధ్యయనాల్లో, చూపు ఎంతమేర పరుచుకుని ఉందో చూసే ఫీల్డ్ పరీక్షలో లోపం బయటపడే నాటికే, ఈ తంతువులు పుట్టే కణాల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పోయి ఉన్నట్టు కనుగొన్నారు. అమెరికా కంటి వైద్యుడు ఆల్ఫ్రెడ్ సోమర్ బృందం 1991లో ప్రచురించిన పరిశీలనలో, ఫీల్డ్ దెబ్బతినడానికి సుమారు ఆరేళ్ల ముందు తీసిన ఫోటోల్లోనే అరవై శాతం కళ్లలో తంతువుల పొరలో లోపం కనిపించింది. పోయిన తంతువు తిరిగి రాదు గనుక ఈ ఆరేళ్ల వ్యవధే డాక్టరు చేతిలో ఉండే గడువు.

ఈ పొర మందాన్ని కొలవడానికి ఇప్పుడు మేము తీసే స్కాన్ పేరు ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ). అదే 1991లో దాని గురించిన తొలి వ్యాసం అమెరికాలోని ఎం.ఐ.టి. నుంచి వెలువడింది. కంటికి కనిపించని పరారుణ కాంతిని లోపలికి పంపి, ఏ పొర నుంచి ఎంత ఆలస్యంగా అది తిరిగి వచ్చిందో మరో కాంతి కిరణంతో పోల్చి లెక్కగట్టడమే దీని పద్ధతి. ఇప్పటి యంత్రాలు లోతులో సుమారు 5 మైక్రాన్ల తేడాను విడదీసి చూపగలవు. ఇంత సూక్ష్మంగా కొలిచే సాధనం చేతికి రావడంతో చాలాచోట్ల డిస్కు ఫోటోలు తీయడమే మానేశారు. నాకు ఇది నచ్చని సంగతి. డిస్కు అంచున సన్నని చారలా వచ్చే రక్తస్రావం జబ్బు ముదురుతోందనడానికి బలమైన గుర్తు, కొన్ని వారాల్లో అది మాయమైపోతుంది కూడా. మందాన్ని మాత్రమే కొలిచే పటంలో అది కనిపించదు. పైన చెప్పిన అమెరికా అధ్యయనంలోనే, ఇలాంటి రక్తస్రావాల్లో 84 శాతం కేవలం ఫోటోల్లోనే పట్టుబడ్డాయి. అనుభవజ్ఞులైన డాక్టర్ల కంటికి పరీక్ష సమయంలో అవి చిక్కలేదు.

ఇక స్కాన్ తీయడం గురించి. "గడ్డం ఇక్కడ ఆనించండమ్మా, నుదురు ముందుకు పెట్టండి, లోపల పచ్చ గుర్తు కనబడుతోందా, చూపు దాని మీదే ఉంచండి" అనడంతో పని మొదలవుతుంది. యంత్రానికి కావలసింది రెండు మూడు సెకన్లే గానీ, ఏసీ హాల్లో గంటసేపు కూర్చుని వచ్చిన పెద్దవారి కన్ను ఆ కొద్దిసేపు కూడా తడిగా ఉండదు. తడి ఆరితే బొమ్మ మసకబారుతుంది, బొమ్మ మసకబారితే పొర అంచును యంత్రం సరిగా పోల్చుకోలేక గీతను పక్కన గీస్తుంది, ఫలితంగా మందం తక్కువని అచ్చవుతుంది. అందుకే రెండు మూడుసార్లు రెప్పలు కొట్టించి, అవసరమైతే కృత్రిమ కన్నీటి చుక్క వేసి, అప్పుడు తీస్తాను. మా యంత్రంలో బొమ్మ నాణ్యతను చెప్పే సిగ్నల్ అంకె పదికి ఆరు కన్నా తక్కువ వస్తే ఆ స్కాన్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. తీస్తున్న క్షణంలో కన్ను కదిలితే బొమ్మలో రక్తనాళం తెగి పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. డిస్కు చుట్టూ మందాన్ని కొలిచే వలయం మీద అలాంటి తెగుదల ఉంటే మళ్లీ తీయవలసిందే. వరుసలో జనం నిలబడి ఉన్నప్పుడు ఈ రెండో ప్రయత్నమే ముందుగా ఎగిరిపోతుంది.

కాగితం మీద అందరి చూపూ పడేది రంగుల మీద. ఆకుపచ్చ వస్తే ఊపిరి పీల్చుకుంటారు, ఎరుపు వస్తే ముఖం పాలిపోతుంది. ఆ రంగులు చెప్పేది ఇంతే: అదే వయసున్న కొన్ని వందల మంది ఆరోగ్యవంతులతో పోలిస్తే, అడుగు నుంచి అయిదు శాతంలో ఉన్నవారికి పసుపు, ఒక్క శాతంలో ఉన్నవారికి ఎరుపు. ఏ జబ్బూ లేని ఇరవై మందిలో ఒకరికి ఆకుపచ్చ రాకపోవడం ఆ లెక్కలోనే ఇమిడి ఉంది. మైనస్ పవర్ ఎక్కువగా ఉన్నవారి కన్ను పొడవుగా ఉండి, తంతువుల కట్టలు కాస్త పక్కకు జరిగి ఉంటాయి కనుక, నరం బాగున్నా వారి కాగితం మీద ఎరుపు పడుతుంది. దీనికి తలకిందులైన పరిస్థితి మరింత ప్రమాదకరం. పుట్టుకతోనే 115 మైక్రాన్ల పొర ఉన్న మనిషి 95కు దిగినా కాగితం పచ్చగానే ఉంటుంది.

మా దగ్గరికి చాలాకాలంగా వస్తున్న ఒక రిటైర్డ్ మాస్టారి సంగతి ఇందుకు ఉదాహరణ. నాలుగేళ్లలో ఆయన కుడి కంటి సగటు 96 నుంచి 90కి వచ్చింది. వయసు వల్ల ఏడాదికి సుమారు అర మైక్రాను తగ్గడం సహజం, ఒకే కంటికి ఒకేరోజు రెండుసార్లు తీసినా నాలుగైదు మైక్రాన్ల తేడా రావచ్చు. ఈ రెండూ కలిపి చూస్తే ఆరు మైక్రాన్ల తగ్గుదల పెద్దగా కలవరపెట్టదు. అయితే కింది భాగాన్ని విడిగా చూసినప్పుడు 124, 119, 112, 105 అని మెట్లు దిగినట్టు వరుసగా తగ్గుతూ వచ్చింది. మిగిలిన భాగాలు పెద్దగా కదలకుండా నిలబడడంతో సగటు ఆ తగ్గుదలను కప్పేసింది. మొదటి రెండు స్కాన్లను ఆధారంగా పెట్టుకుని పోల్చే ప్రోగ్రాం కూడా, ఒకసారి కనిపించిన తేడా మరుసటి స్కాన్‌లో అదేచోట మళ్లీ కనిపించిన తర్వాతే దాన్ని తగ్గుదలగా ఖాయం చేసింది. పేపరు గడగడా చదివే మాస్టారికి డాక్టరుగారు రెండో మందు ఎందుకు చేర్చారో మొదట అర్థం కాలేదు. నాలుగు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరచి చూపించాక ఇక ఆయన వాదించలేదు.

దీనికి భిన్నంగా, ఒక పెద్దావిడకు ఆరు నెలల్లో ఏకంగా పన్నెండు మైక్రాన్లు తగ్గినట్టు వచ్చింది. ఏ భాగంలోనూ ప్రత్యేకంగా గుంట పడలేదు, అన్నివైపులా సమానంగా తగ్గింది, సిగ్నల్ అయిదు దగ్గర ఉంది. ముదిరిన శుక్లమే ఇందుకు కారణమని డాక్టరుగారు భావించి మందు మార్చలేదు. శుక్లం ఆపరేషన్ అయ్యాక తీస్తే పాత అంకెకు దగ్గరగా వచ్చింది. "నరం మళ్లీ పెరిగిందా నాయనా?" అని ఆవిడ సంబరంగా అడిగింది. "లేదమ్మా, అది తగ్గనే లేదు, శుక్లం అడ్డుగా ఉండి మేమే సరిగా కొలవలేకపోయాం" అన్నాను.

ఓసీటీకి ఒక హద్దు కూడా ఉంది. తంతువులన్నీ పోయినా వాటి మధ్య ఉండే ఇతర కణజాలమూ రక్తనాళాలూ మిగులుతాయి కనుక, మందం 50–55 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. ఆ స్థాయికి చేరిన కంటిలో అంకె మారకపోవడం జబ్బు ఆగినందుకు గుర్తు కాదు. అక్కడ విసుగు పుట్టించినా సరే ఫీల్డ్ పరీక్షే చేయాలి, సూటి చూపునిచ్చే మాక్యులా దగ్గరి కణాల పొరను కూడా విడిగా కొలవాలి. మన దగ్గర ఇది అరుదైన సందర్భం కాదు. 1990ల చివర హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ జరిపిన సర్వేలో ఈ జబ్బులో 'ఓపెన్ యాంగిల్' అనే రకం ఉన్నట్టు తేలినవారిలో తొంభై శాతానికి పైగా మందికి అప్పటిదాకా ఆ విషయమే తెలియదు. అలా ఆలస్యంగా బయటపడేవారిలో కొందరికి మొదటి స్కాన్ నాటికే కొలవడానికి పొర పెద్దగా మిగలదు.

ఇక యంత్రాల మార్పు. ఒక కంపెనీ యంత్రం ఇచ్చిన అంకెలో నుంచి మరో కంపెనీ యంత్రం ఇచ్చిన అంకెను తీసివేయకూడదు. కొలిచే వలయమూ, పొర అంచును గుర్తించే పద్ధతీ వేరు కాబట్టి ఒకే కంటికి కొన్ని మైక్రాన్ల తేడా సహజంగానే వస్తుంది. పిల్లల ఉద్యోగాల వెంట ఊరు మారే పెద్దవారికి ఇదే చిక్కు. అసలు స్కాన్ పాత ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉండిపోతుంది, చేతిలో కాగితం మాత్రమే మిగులుతుంది. అందుకే నేను కాగితం వెనుక యంత్రం పేరు, సిగ్నల్ ఎంతో, ఆ రోజు వాడుతున్న చుక్కల మందు ఏమిటో రాసి, దాన్ని సెల్‌లో ఫోటో తీసి ఉంచుకోమని చెబుతాను. కొత్తచోట పాత వరుసను పాత వరుసగానే ఉంచి, అక్కడి యంత్రం మీద కొద్ది వారాల తేడాతో మంచి స్కాన్లు రెండు తీయించుకుని, ఇకమీదట పోల్చడానికి వాటినే ఆధారం చేసుకోవాలి.