ప్యాంటు సైజు వేరు, నడుము కొలత వేరు

"నాది 34 మాస్టరూ, పదేళ్లుగా మారలేదు." అనంతపురంలో నా షాపుకు వచ్చే మగవాళ్లలో చాలామంది చెప్పే మాట ఇది. అబద్ధమేం కాదు. ప్యాంటు సైజు నిజంగానే మారలేదు, ప్యాంటు నిలిచే చోటు మారింది. పెళ్లినాటికి బొడ్డు దగ్గర నిలిచిన ప్యాంటు, నలభై దాటేసరికి పొట్ట కిందికి జారి తుంటి ఎముకల మీద ఆగుతుంది. అదే మనిషికి టేపు పొట్ట మీదుగా తిప్పితే 40 వస్తుంది. ఆ అంకె నేను బయటికి చదవను. పక్కన బెంచీ మీద ఇంకో కస్టమర్ కూర్చుని ఉంటాడు కదా.

మా చిన్నమ్మాయి న్యూట్రిషన్ చదువుకుంది. డాక్టర్లు చూసే నడుము కొలత మా టైలర్ల కొలత కాదని తనే చెప్పింది. చివరి పక్కటెముక అంచు మీద ఒక వేలు, తుంటి ఎముక పైఅంచు మీద ఇంకో వేలు పెట్టి, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. ఊపిరి మామూలుగా వదిలాక చదవాలి. టేపు కనపడగానే మగవాళ్లు పొట్ట లోపలికి లాక్కుంటారు, అందుకే నేను ఏదో ఒక మాట అడిగి, వాళ్లు జవాబు చెప్పడం అయ్యాక చూస్తాను. మన దక్షిణాసియా వాళ్లకు అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య పెట్టిన హద్దు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. టేపు రెండో వైపు చూస్తే సుమారు 35న్నర, 31న్నర అంగుళాలు. యూరప్ మగవాళ్లకు అదే హద్దు 94. టేపు లేనివాళ్లు ఒక దారం తీసుకుని తమ ఎత్తుకు తెంపి, సగానికి మడిచి నడుముకు చుట్టి చూడొచ్చు. కొసలు కలవకపోతే పొట్ట ఎక్కువున్నట్టే.

మనకు హద్దు తక్కువ ఎందుకు పెట్టారంటే, మన ఒంటి తీరు అట్లాంటిది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి చూసే బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం తెల్లాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం. ఎత్తుకు తగ్గ బరువే, ఒంట్లో కొవ్వు రెండింతల పైన! కాళ్లు చేతులు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనుషులకు నేను రోజూ ప్యాంట్లు కుడుతుంటాను. తొడ దగ్గర గుడ్డ తగ్గించాలి, నడుము దగ్గర పెంచాలి, కటింగ్‌లో పెద్ద తలనొప్పి. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి షుగర్ సర్వే (ఐసీఎంఆర్-ఇండియాబ్) లెక్క కూడా ఇదే చెబుతోంది. దేశంలో బీఎంఐ ప్రకారం ఊబకాయం ఉన్న పెద్దవాళ్లు 28.6 శాతం, నడుము కొలత ప్రకారం చూస్తే 39.5 శాతం. బరువు మిషన్ ఎక్కి బాగానే ఉన్నామనుకుని ఇంటికి పోయేవాళ్లు ఆ తేడాలో ఉన్నారు.

పొట్ట దగ్గర రెండు రకాల కొవ్వు ఉంటుంది. వేళ్లతో పట్టుకుంటే చిక్కేది చర్మం కింది కొవ్వు. అది చూడటానికి బాగుండదేమో గానీ పెద్దగా గోల చేయదు. లోపల పేగుల చుట్టూ, లివర్ పక్కన పేరుకునే కొవ్వు వేరు. అక్కడి నుంచి రక్తం నేరుగా లివర్‌లోకి పోతుంది. దానితోపాటు కొవ్వు ఆమ్లాలూ పోతాయి. ఫ్యాటీ లివర్, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, షుగర్, గుండె జబ్బు, వీటన్నిటికీ దానితో సంబంధం ఉంది. గట్టిగా, గుండ్రంగా, నొక్కితే లోపలికి పోని పొట్టలు నా టేపుకు తెలుసు.

మరి తగ్గించేదెట్లా? షాపులో ఎక్కువగా వినేది పొట్ట ఎక్సర్‌సైజుల గురించి. పడుకుని లేవడం రోజుకు వందట, నడుముకు వేడి బెల్టట. 1984లో అమెరికాలో 13 మంది మగవాళ్లతో 27 రోజుల్లో మనిషికి 5,004 సిటప్‌లు చేయించారు. తర్వాత పొట్ట, పిరుదు, భుజం వెనక, మూడు చోట్ల నుంచి కొవ్వు ముక్కలు తీసి చూశారు. కొవ్వు కణాలు కొంచెం చిక్కాయి, కానీ మూడు చోట్లా ఒకేలా. పొట్టకంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. అంతకుముందే 1971లో టెన్నిస్ ఆటగాళ్లను చూశారు. బ్యాట్ పట్టే చెయ్యి లావుగానే ఉంది, చర్మం కింది కొవ్వు మాత్రం రెండు చేతులకూ సమానం. ఆ లెక్కన ముప్పై ఏళ్లుగా కత్తెర తిప్పుతున్న నా కుడి చేతికి కూడా కండ తప్ప ఇంకేమీ ఒరగలేదు. సిటప్‌లు చేస్తే పొట్ట కండరాలు గట్టిపడతాయి, మంచిదే. పైన ఉన్న కొవ్వు కరగాలంటే తిన్న శక్తి కంటే ఒళ్లు ఎక్కువ ఖర్చు పెట్టాలి.

ఆ లెక్కకు వస్తే తిండిదే పెద్ద వాటా. గంటసేపు మామూలు నడకకు సుమారు 250 కేలరీలు పోతాయి. ఒక పెద్ద స్పూను నూనె 120. ఉగ్గాని ప్లేటు పక్కన రెండు మిరపకాయ బజ్జీలు వేసుకుంటే నడక అక్కడికి చెల్లు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున నడిచి, నేరుగా టిఫిన్ బండి దగ్గరికి పోయే గుంపులను చూస్తుంటాను. కబుర్లు బాగుంటాయి, ఒప్పుకుంటాను.

మన సీమలో ఇంకో నమ్మకం ఉంది. సంగటి తింటే పొట్ట రాదని. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 320 కేలరీలు, బియ్యంలో 350 పైన. తేడా అంతే. రాగిలో పీచు బాగా ఎక్కువ, తొందరగా ఆకలి కాదు, అది నిజం. కానీ మా తాత తిన్నంత ముద్ద నేనూ తింటే ఎక్కడికి పోతుంది? ఆయన చెనక్కాయల చేనులో పొద్దుగూకులూ వంగి పని చేశాడు. నేను మిషన్ ముందు కూర్చుంటాను. పైగా ఇప్పుడు మిషన్‌కు మోటారు. కాలితో తొక్కే రోజుల్లో పిక్కలకైనా పని ఉండేది. చెనక్కాయలు కూడా అంతే, బలమైన తిండే, కానీ గుప్పెడుకే 170 కేలరీల దాకా ఉంటాయి. పేపరు చదువుకుంటూ చేటెడు ఒలుచుకోవడం అనంతపురం వాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దని చెప్పింది. మన పళ్లెంలో అన్నం లేదా ముద్ద తీసేస్తే ఏం మిగులుతుందో చూసుకుంటే ఆ మాట ఎంత కష్టమో అర్థమవుతుంది. మా ఇంట్లో ముద్ద సగమైంది. ఉలవ గుగ్గిళ్లు, అలసందలు, గుడ్డు, ఆకుకూర పప్పు పెరిగాయి. చారులో నెయ్యి మాత్రం మా ఆవిడ వదల్లేదు, నేనూ అడగలేదు.

తిండే అంత పని చేస్తే నడక ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఉంది. 2000లో కెనడాలో ఊబకాయం ఉన్న 52 మంది మగవాళ్ల మీద మూడు నెలలు పరీక్ష చేశారు. కొందరికి తిండి తగ్గించారు, కొందరితో వ్యాయామం చేయించారు, ఆ రెండు గుంపులకూ బరువు ఏడు కిలోల పైన తగ్గింది. ఇంకో గుంపుతో వ్యాయామం చేయించి, ఖర్చైనంతా తిండితో మళ్లీ పెట్టేశారు. వాళ్ల బరువు తగ్గలేదు. అయినా స్కానింగ్‌లో లోపలి కొవ్వు తగ్గింది. వాళ్లు చేసింది తేలిక వ్యాయామం కాదు, రోజుకు 700 కేలరీలు ఖర్చయ్యేంత. కానీ దారి అదే. "మూడు నెలలు నడిచినా కిలో తగ్గలేదప్పా, మానేసినా" అనే మనిషి ప్యాంటు నడుము దగ్గర రెండు వేళ్లు దూరేంత లూజుగా ఉండటం నేను చూశాను. మిషన్ మీద అంకె కదల్లేదని నడక ఆపేశాడు, టేపు చూసుంటే ఆపేవాడు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో. దానికి తోడు వారానికి రెండు రోజులు కండకు పని చెప్పే బరువులో, గుంజీలో. తిండి ఒక్కటే తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, భుజాలు జారిన చొక్కాలు నా దగ్గరికొస్తాయి.

ఆడవాళ్ల సంగతి మా ఆవిడకు ఎక్కువ తెలుసు, జాకెట్లు తనే కుడుతుంది. లంగాకు నాడా ఉంటుంది, ఎంత పెరిగినా ముడి వదులు చేసుకుంటే సరి, ఏ హుక్కూ ఊడదు, ఏ గుండీ తెగదు. చీర ఎట్లాగూ కప్పేస్తుంది. నలభై ఐదు, యాభై దాటి నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి, అప్పటిదాకా తొడల్లో, పిరుదుల్లో చేరిన కొవ్వు పొట్ట వైపు తిరుగుతుంది. బరువు పెద్దగా పెరగకపోయినా నడుము పెరుగుతుంది. జాకెట్ కొలతకు వచ్చినవాళ్లకు మా ఆవిడ ఇప్పుడు నడుము కూడా చూస్తోంది. "జాకెట్‌కు నడుముతో ఏం పని వదినా" అని ఒకావిడ అంటే, "జాకెట్‌కు కాదులే, నీకు" అంది.

లుంగీ, ఎలాస్టిక్ ట్రాక్ ప్యాంటు కూడా నాడా జాతివే. వారమంతా ఇంట్లో వాటిలోనే తిరిగేవాళ్లు నెలకోసారైనా హుక్కున్న పాత ప్యాంటు బయటికి తీయండి. లూజైతే ఆల్ట్రేషన్‌కు వెంటనే పరిగెత్తకండి. నడుము రెండు అంగుళాల కంటే ఎక్కువ లాగితే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చి అతుక్కున్నట్టుంటాయి, ప్యాంటు మొత్తం విప్పి మళ్లీ కత్తిరించాల్సి వస్తుంది. మూడు నెలలు బెల్టుకు ఇంకో రంధ్రం పొడుచుకుని గడపండి. కొలత ఒకచోట ఆగాక రండి, ఒకేసారి కుట్టేద్దాం.