డాయ్‌ట్స్ ప్లాట్‌ఫారం మీద రెండు సెంటీమీటర్ల మనుషులు

జర్మనీలో రైన్ నదికి దగ్గరగా ఉన్న ఒక ఫ్యాక్టరీలో కార్ల విడిభాగాలు కొలవడం నా ఉద్యోగం. పొద్దున ఆరింటికి మొదలైతే మధ్యాహ్నం రెండు దాకా కొలుస్తూనే ఉండాలి, మిల్లీమీటరులో నూరో వంతు తేడా వచ్చినా ఆ ముక్క ఎర్ర డబ్బాలోకి పోవాల్సిందే. చేతికి క్షణం తీరిక ఉండదు గానీ నోటికి మాత్రం రోజంతా సెలవే, ఎందుకంటే వచ్చిన మొదటి ఏడాది నా జర్మన్ "నమస్కారం", "ఇది సరిగ్గా లేదు", "సంతకం ఎక్కడ పెట్టాలి" దగ్గరే ఆగిపోయింది. ఆదివారం మరీ కష్టం. దుకాణాలు మూసేస్తారు, వీధిలో చప్పుడు ఉండదు, ఫోన్‌లో ఎంతసేపని మాట్లాడతాం.

మా విభాగంలోనే రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దాయన ఒకరు ఉండేవారు. నేను మైక్రోమీటరు పట్టుకునే తీరు కొన్నాళ్ళు గమనించి, ఒకరోజు "మీ చెయ్యి వణకదు, శనివారం ఏం చేస్తుంటారు?" అని అడిగారు. ఆ శనివారమే నన్ను ఒక భవనం కింది నేలమాళిగకి తీసుకెళ్ళారు. అది మోడల్ రైళ్ళ సంఘం. గది నిండా పట్టాలు, సిగ్నళ్ళు, వంతెనలు, ఒక పెద్ద స్టేషన్, అన్నీ అసలు దానిలో 87వ వంతు. హా-నుల్ అంటారు ఈ సైజుని. ఒక్కో సిగ్నలు తీగని పట్టకారుతో బిగించిన ఆ సభ్యులు ప్లాట్‌ఫారాన్ని మాత్రం దాదాపు ఖాళీగా వదిలేశారు. ఎవరికీ అంత ఓపిక లేదట. పెద్దాయన నా ముందు ఒక పెట్టె పెట్టారు. 1949లో మొదలైన ప్రైజర్ అనే సంస్థ ఈ బుల్లి మనుషులకి పేరుపడింది, ఆ పెట్టెలో వందకు పైగా ఉన్నారు, అందరూ రంగు లేని పాలిపోయిన ప్లాస్టిక్.

175 సెంటీమీటర్ల మనిషి ఈ కొలతలో 20 మిల్లీమీటర్లు. తల మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు.

మొదటి విడత పాడు చేశాను. నేరుగా రంగు వేసేశాను, అది ముఖం మీద ఆగకుండా గుండ్రంగా ముడుచుకుపోయింది. అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసే జిడ్డు ఇంకా బొమ్మల మీదే ఉందని పెద్దాయన చెప్పాక అర్థమైంది. అప్పటినుంచి రంగుకి ముందు బొమ్మలకి స్నానం: గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క, మెత్తని పాత టూత్‌బ్రష్, తర్వాత పూర్తిగా ఆరనివ్వడం. అంతకుముందే అచ్చు గీత తీసేయాలి. అచ్చులోని రెండు సగాలు కలిసే చోట బొమ్మ పక్కల నుంచి తల మీదుగా సన్నని గీత ఒకటి ఉంటుంది, దాన్ని చాకు పదునుతో కోయకూడదు, చాకు వెనక భాగంతో మెల్లగా గీకాలి. పదో వంతు మిల్లీమీటరే కదా అని వదిలేస్తే, దాన్ని 87తో గుణించి చూడండి, నిజం మనిషి చెంప మీద తొమ్మిది మిల్లీమీటర్ల ఎత్తున గట్టు కట్టినట్టు. ఫ్యాక్టరీలో కొలతలు కొలిచే నాకు ఈ లెక్క చటుక్కున ఎక్కింది. రంగు పల్చగా ఎందుకు వేయాలో కూడా ఈ లెక్కే చెబుతుంది. చిక్కటి పూత ఒకటి వేస్తే చొక్కా మడతలు పూడిపోతాయి, అందుకే నీళ్ళలా పల్చన చేసి రెండుమూడు సార్లు వేస్తాను, ప్రతిసారీ ఆరనిచ్చి.

పట్టుకోవడం ఇంకో సమస్య. వేళ్ళతో పట్టుకుంటే వేసిన రంగు వేసినట్టే పోతుంది. కాలి అడుగున అర మిల్లీమీటరు రంధ్రం చేసి ఇత్తడి తీగ ముక్క గుచ్చి, దాన్ని సీసా బిరడాలో నాటుతాను. ఆ తీగే తర్వాత ప్లాట్‌ఫారంలోకి దిగుతుంది కాబట్టి బొమ్మ కాళ్ళ కింద జిగురు మరక ఉండదు. ఆపైన ప్రైమరు, అంటే అసలు రంగుకి ముందు వేసే అడుగు పూత. ముందు ముదురు బూడిద రంగు అంతటా చల్లి, ఆరాక తెల్లది పైనుంచి మాత్రమే చల్లితే, టోపీ కింద, చంకల్లో, కోటు అంచుల కింద నీడ దానంతటదే మిగులుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు చాలా సంతోషం వేసింది, రంగు పడకముందే మనిషి కనిపించాడు.

అందరూ అతి చిన్న కుంచె కొంటారు. నేనూ అదే చేశాను. సున్నాలు మూడు ఉన్న కుంచె మొనకి పట్టే రంగు ఎంత తక్కువంటే, బొమ్మని చేరేలోపే ఆరిపోతుంది. మొన బాగా కూడుకునే సున్నా నంబరో ఒకటో నంబరో వెంట్రుక కుంచె చాలు, పని చేసేది మొన, పొట్ట రంగుని నిల్వ ఉంచుతుంది. వేసే వరుస మనం బట్టలు వేసుకునే వరుసే: ముందు ఒళ్ళు, తర్వాత చొక్కా, తర్వాత కోటు, చివర్లో జుట్టు, బూట్లు, చేతిలో సంచి. అచ్చమైన నలుపు, అచ్చమైన తెలుపు వాడను. గదిలో ఆ చిన్న మనిషిని మనం చూస్తున్నది నిజానికి చాలా దూరం నుంచి చూడటంతో సమానం, దూరం రంగుల్ని వెలిసేలా చేస్తుంది, అందుకే నల్ల కోటుకి ముదురు బూడిద, తెల్ల చొక్కాకి మీగడ రంగు. కళ్ళు కూడా పెట్టను. నిజం కనుగుడ్డు ఈ కొలతలో మిల్లీమీటరులో మూడో వంతు కన్నా చిన్నది, చుక్క పెడితే ప్లాట్‌ఫారం అంతా దయ్యాన్ని చూసి బిగుసుకుపోయినట్టు ఉంటుంది. పల్చటి గోధుమ రంగు నీళ్ళు ముఖం మీద ఒకసారి పారిస్తే కళ్ళ గుంటల్లో, పెదవి కింద అదే దిగి ఆగుతుంది.

మోడల్ రైళ్ళవాళ్ళు రైళ్ళ చరిత్రని ఎపోక్‌లనే కాలాలుగా విడగొడతారు. మా స్టేషన్ మూడో ఎపోక్‌ది, అంటే దాదాపు 1949 నుంచి 1970 దాకా. ఏ కాలానికి ఆ కాలపు బట్టలే ఉండాలి. ప్లాట్‌ఫారం మీద రైలుకి బయల్దేరమని సైగ చేసే ఉద్యోగికి ఎర్ర టోపీ. అది తప్పితే ముసలి సభ్యులు ఒప్పుకోరు, ఆ టోపీ వాళ్ళ చిన్నతనం మరి. ఆ ఎర్రని నేను నాలుగుసార్లు కలిపాను. నాలుగోసారి పెద్దాయన భూతద్దం కింద చూసి, పక్కన పెట్టి, "ఇక నన్ను డూ అనొచ్చు" అన్నారు. డూ అంటే నువ్వు. తెలుగులో మీరు నుంచి నువ్వుకి తెలియకుండానే జారిపోతాం. ఇక్కడ పెద్దవాళ్ళు నోటితో చెప్పాలి, చెప్పిన రోజు గుర్తుంటుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పని చేస్తున్నకొద్దీ నన్ను ఒకటి పట్టుకుంది. నా దగ్గరున్న ఒంటి రంగు సీసాలో ఉన్నది ఒకటే గులాబీ. ప్లాట్‌ఫారం మీద ముప్ఫైమంది, అందరిదీ ఒకే ఛాయ. మూడో ఎపోక్ అంటే సరిగ్గా పని కోసం బయటివాళ్ళు ఈ దేశంలో దిగిన కాలం: 1955లో ఇటలీతో ఒప్పందం, 1961లో టర్కీతో, 1964లో పోర్చుగల్‌తో. 1964 సెప్టెంబర్ 10న ఇక్కడే, కొలోన్-డాయ్‌ట్స్ స్టేషన్‌లో, అర్మాందో రోద్రిగెస్ ద సా అనే వడ్రంగిని పదిలక్షలవ అతిథి కార్మికుడిగా బ్యాండు వాయించి స్వాగతించారు. ప్రత్యేక రైళ్ళలో వెయ్యికి పైగా దిగారు, వాళ్ళ జాబితాలోంచి ఆయన పేరు ఊరికే వేలు పెట్టి ఎంచారట. మైకులో తన పేరు వినగానే వెనక్కి పంపేస్తారేమోనని భయపడ్డాడంటారు. నాకది కథలా అనిపించలేదు. వీసా ఆఫీసు నుంచి కవరు వస్తే విప్పేముందు నా గుండె కూడా అలాగే కొట్టుకుంటుంది. ఆయనకి పూలగుత్తి, త్సుండాప్ కంపెనీ మోపెడ్ ఒకటి ఇచ్చారు. ఆ మోపెడ్ ఇప్పుడు బాన్‌లోని చరిత్ర మ్యూజియంలో ఉంది, వెళ్ళి చూశాను, చాలాసేపు నిలబడ్డాను.

సంఘంలో ఈ మాట ఎత్తితే ఒకాయన "ఇది రైళ్ళ మోడల్, చరిత్ర పాఠం కాదు" అన్నారు. పెద్దాయన ఏమీ అనకుండా టేబుల్ మీద ప్లాట్‌ఫారం ముక్క ఒకటి నా వైపు జరిపారు.

ఒళ్ళు రంగు కలపడానికే మూడు శనివారాలు పట్టింది. పసుపు మట్టి రంగు, కాల్చిన మట్టి రంగు, కొంచెం తెలుపు, ముదురు చేయాలంటే నలుపు బదులు సూదిమొనంత నీలం. నలుపు కలిపితే ఒంట్లో ప్రాణం పోయినట్టు బూడిదగా మారుతుంది. చామనఛాయ ముఖాన్ని అలాగే వదిలేస్తే ఇంత చిన్న తల మీద అది చీకటి రంధ్రంలా కనిపిస్తుంది, కాబట్టి నుదుటి మీద, ముక్కు మీద, చెంప ఎముక మీద ఒక మెట్టు లేత రంగు తాకించాలి. సూట్‌కేసులు ప్లాస్టిక్ రేకు నుంచి ఏడు మిల్లీమీటర్ల పొడవున కోశాను. అట్టపెట్టెకి తాడు కట్టినట్టు రావాలని దారంలోంచి ఒకే ఒక్క పోగు లాగి చుట్టాను. కొన్ని బొమ్మల చేతులు కోసి వేరే వంపులో అతికించాను, బరువు మోసేవాడి భుజం ఒకవైపు దిగాలి, ఖాళీ చేత్తో నిలబడ్డవాడికి సూట్‌కేసు తగిలిస్తే అది గాలితో నిండినట్టుంటుంది. పరుగెత్తే బొమ్మల్ని తీసుకోలేదు. కదలని చోట పరుగు అబద్ధంలా ఉంటుంది, నిలబడటం, కూర్చోవడం, ఎదురుచూడటం ఎంతసేపు చూసినా నిజమే.

నిలబెట్టడమే అన్నిటికన్నా కష్టం. కొత్తవాళ్ళు సమదూరంలో నాటేస్తారు. మనుషులు అలా నిలబడరు, ఇద్దరు ముగ్గురు దగ్గరదగ్గరగా చేరతారు, తర్వాత పెద్ద ఖాళీ, ఆ తర్వాత ఒక్కడే ఒకడు. ఊళ్ళోవాళ్ళందరి చూపూ రైలు వచ్చే వైపు పెట్టాను. దిగినవాళ్ళ చూపు మాత్రం కాగితం పట్టుకుని పేర్లు చదివే మనిషి వైపు. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు పట్టాల ఎత్తుకి తెచ్చి చూశారు, ఒకడిని తీగతో సహా పైకి లాగి, సూట్‌కేసు ఉన్నవాడికి భుజం తగిలేంత దగ్గరగా మళ్ళీ గుచ్చారు. ఆ ఒక్క మార్పుతో వాళ్ళిద్దరూ ఒకే ఊరివాళ్ళయిపోయారు.

టోపీ పెట్టుకున్న వడ్రంగిని ఇంకా నిలబెట్టలేదు. మోపెడ్ రెండు సెంటీమీటర్లే అయినా దాని చక్రాల ఆకులు నాకు నచ్చినట్టు రావడం లేదు. పైగా ఆ కాలపు రైళ్ళలో పనికోసం ఆడవాళ్ళు కూడా వచ్చారు, నా పెట్టెలో సూట్‌కేసు మోసే ఆడమనిషి లేదు. మార్కెట్ సంచి పట్టుకున్న ఒకామెని తీసుకుని, సంచి కోసేసి, పుట్టీతో పొడుగు కోటు కడుతున్నాను. బిరడా మీద ఆరుతోంది. రేపు పొద్దున షిఫ్టు, మధ్యాహ్నం రెండు తర్వాత గీకి ప్రైమరు వేయాలి.